భవనాలు, కట్టడాలకు రక్షణ పూతల ఎంపిక

రక్షణ పూత అనగా గోడ, కాంక్రీటు, ఉక్కు, కలప వంటి ఉపరితలాలను నీరు, గాలి, లవణాలు, ఎండ, బూజు, నిప్పు మొదలైన వాటి నుండి కాపాడటానికి వాటిపై పలుచగా పరచే పొర. సున్నపు వెల్ల, సిమెంటు పెయింటు, ఎనామెల్, ఎమల్షన్, తారు, ఎపాక్సీ, పాలీయురెథేన్, జింకు పూత మొదలైనవన్నీ ఈ కోవలోకి వస్తాయి. అలంకరణ కోసం వేసే రంగు కూడా కొంత రక్షణ ఇస్తుంది. అయితే రక్షణ పూతను ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు చూడవలసినవి మూడు ఉన్నాయి: ఉపరితలం ఏ పదార్థంతో తయారైనది, తేమ ఎటు నుండి వస్తున్నది, కట్టడం ఎటువంటి వాతావరణంలో ఉన్నది. ఈ మూడింటితో పొంతన కుదరని పూత ఎంత ఖరీదైనదైనా త్వరగా ఊడిపోతుంది. కొన్ని సందర్భాలలో అది తేమను లోపలే బంధించి, పూత లేనప్పటి కంటే వేగంగా కట్టడాన్ని పాడుచేస్తుంది కూడా.

పూతలోని భాగాలు

సాధారణంగా పూతలో నాలుగు భాగాలుంటాయి.

• బంధకం: ఆరిన తరువాత పొరగా మారి ఉపరితలాన్ని పట్టుకొని ఉండే పదార్థం. అవిసె నూనె, ఆల్కిడ్, యాక్రిలిక్, ఎపాక్సీ మొదలైనవి బంధకాలు. పూతకు పేరు సాధారణంగా దీనిని బట్టే వస్తుంది.
• వర్ణకం: రంగును, కప్పే గుణాన్ని ఇచ్చే పొడి. జింకు పొడి వంటి కొన్ని వర్ణకాలు తుప్పును నిరోధిస్తాయి కూడా.
• ద్రావకం: పూతను పలుచన చేసి, వేసిన తరువాత ఆవిరైపోయే ద్రవం. ఇది నీరు కావచ్చు, లేదా టర్పెంటైను వంటి కర్బన ద్రవం కావచ్చు.
• సంకలితాలు: బూజును అరికట్టడం, త్వరగా ఆరేటట్లు చేయడం మొదలైన పనులకు కొద్ది మోతాదులో కలిపేవి.

రక్షించే విధానం

పూతలు ప్రధానంగా మూడు విధాలుగా పనిచేస్తాయి.

• అడ్డుపొరగా: నీరు, ఆక్సిజన్, లవణాలు ఉపరితలాన్ని చేరకుండా ఆపడం. ఎపాక్సీ, తారు పూతలు ఇటువంటివి. ఏ పూతా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. మందం పెరిగినకొద్దీ చొరబాటు నెమ్మదిస్తుంది.
• త్యాగ రక్షణగా: ఉక్కు కంటే జింకు రసాయనికంగా చురుకైనది. రెండూ తాకుతూ తడిసినపుడు జింకు ముందుగా కరిగి ఉక్కును కాపాడుతుంది. అందువలన జింకు పూతపై చిన్న గీత పడినా అక్కడి ఉక్కు వెంటనే తుప్పుపట్టదు.
• నిరోధకంగా: లోహంపై స్థిరమైన పలుచని పొర ఏర్పడేటట్లు చేయడం. జింకు ఫాస్ఫేటు కలిసిన ప్రైమర్లు ఇలా పనిచేస్తాయి. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 సంవత్సరాలుగా నిలిచి ఉండటానికి అందులోని అధిక ఫాస్ఫరస్ వలన ఉపరితలంపై సహజంగా ఏర్పడిన రక్షణ పొర ముఖ్య కారణమని లోహశాస్త్రజ్ఞులు వివరించారు.

చరిత్ర

సింధు నాగరికతకు చెందిన మొహెంజో-దారోలోని మహాస్నానవాటికలో నీరు ఇంకకుండా సహజ తారు పొరను వాడారు. భారతదేశంలో గోడల రక్షణకు శతాబ్దాల పాటు సున్నమే ప్రధాన పదార్థం. ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నాన్ని గిలాబాకు, నీటిలో పలుచగా కలిపిన సున్నాన్ని వెల్లకు వాడేవారు. తెలంగాణ ప్రాంతంలో దీనిని డంగు సున్నమని అంటారు. సంక్రాంతికి ముందు ఇళ్ళకు వెల్ల వేసే ఆచారం, ఏటా గోడలను పరిశీలించి మరమ్మతు చేసుకునే పద్ధతిగా కూడా పనిచేసింది.

యూరప్‌లో కలప, ఇనుము రక్షణకు అవిసె నూనెలో సీసపు వర్ణకాలు కలిపి వాడేవారు. ఇనుముపై మొదటి పూతగా ఎర్రని సీసపు ఆక్సైడ్, అనగా సిందూరం, ఇరవయ్యవ శతాబ్దం వరకు విస్తృతంగా వాడుకలో ఉన్నది. 1837లో ఫ్రాన్స్‌కు చెందిన స్టానిస్లాస్ సోరెల్ ఇనుమును కరిగిన జింకులో ముంచే గాల్వనైజింగు పద్ధతికి పేటెంటు పొందాడు. 1878లో జర్మనీకి చెందిన అడాల్ఫ్ విల్‌హెల్మ్ కైమ్ సిలికేట్ పెయింటుకు పేటెంటు పొందాడు. 1930లలో ఆస్ట్రేలియాకు చెందిన విక్టర్ నైటింగాల్ జింకు సిలికేట్ పూతను రూపొందించాడు. 1940ల తొలినాళ్ళలో దక్షిణ ఆస్ట్రేలియాలోని మోర్గాన్-వయాలా నీటి గొట్టపు మార్గానికి దీనిని వేశారు. ఆ పూత దశాబ్దాల పాటు నిలవడంతో ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఆదరణ లభించింది. ఆల్కిడ్, ఎపాక్సీ, పాలీయురెథేన్ బంధకాలు ఇరవయ్యవ శతాబ్దపు ప్రథమార్ధంలో అభివృద్ధి చెందాయి.

ఉపరితలాన్ని బట్టి ఎంపిక

సున్నపు గోడలు

మట్టి, రాయి, సున్నంతో కట్టిన పాత ఇళ్ళలో పునాది నుండి పైకి వచ్చే చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని నీరు గోడలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎక్కి, గోడ ముఖం నుండి ఆవిరైపోతుంది. అటువంటి గోడకు ఆవిరిని పోనివ్వని ప్లాస్టిక్ పెయింటు గానీ, గట్టి సిమెంటు గిలాబా గానీ వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ మరింత పైకి ఎక్కుతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనుక స్ఫటికాలుగా మారి, ఉబ్బి, గిలాబాను పెచ్చులుగా ఊడగొడతాయి.

ఇటువంటి గోడలకు సున్నపు వెల్ల, సిలికేట్ పెయింటు అనువైనవి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చితే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. దానికి నీరు కలిపితే తడిసున్నం అవుతుంది. వెల్ల వేసిన తరువాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి గ్రహించి మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. దీనికి కొంత తేమ అవసరం. అందువలననే వెల్ల వేసే ముందు గోడను తడుపుతారు. ఒకేసారి చిక్కగా వేసిన వెల్ల పగిలి రాలుతుంది కనుక రెండు మూడు పలుచని పూతలుగా వేయాలి. వెల్ల ఎక్కువ కాలం నిలవదు, కానీ అది అరిగిపోతూ గోడను కాపాడుతుంది.

సిమెంటు గిలాబా, కాంక్రీటు

కొత్త సిమెంటు గాఢమైన క్షారం. దాని పీహెచ్ విలువ సుమారు 12.5 నుండి 13 వరకు ఉంటుంది. నూనె, ఆల్కిడ్ ఆధారిత పెయింట్లు క్షారంతో కలిసి సబ్బుగా మారిపోతాయి. కొత్త గోడకు ఎనామెల్ వేసినపుడు అది జిగటగా మారడానికీ, ఊడిపోవడానికీ ఇదే కారణం. అందుచేత గోడను కనీసం 28 రోజులు ఆరనిచ్చి, క్షారాన్ని తట్టుకొనే ప్రైమర్ వేసి, యాక్రిలిక్ ఎమల్షన్ వంటి పూతలు వేయడం మేలు. వర్షాకాలంలో ఈ గడువు ఇంకా పెరుగుతుంది. సిమెంటు పెయింటుకు మాత్రం గోడ తడిగా ఉండాలి. వేసిన తరువాత కూడా దానిపై నీరు చల్లుతూ గట్టిపడనివ్వాలి.

కాంక్రీటులోని కడ్డీలకు ఆ క్షారగుణమే రక్షణ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ క్రమంగా లోపలికి చొరబడి పీహెచ్‌ను సుమారు 9కి తగ్గిస్తుంది. దీనిని కార్బొనేషన్ అంటారు. అది కడ్డీని చేరినపుడు తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు నుండి ఆరు రెట్ల ఘనపరిమాణాన్ని ఆక్రమిస్తుంది కనుక కాంక్రీటు లోపలి నుండి పగులుతుంది. సముద్ర తీరంలో ఉప్పులోని క్లోరైడ్లు పీహెచ్ తగ్గకుండానే ఈ పని చేస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను అడ్డుకుంటూ, నీటి ఆవిరిని మాత్రం బయటకు పోనిచ్చే యాక్రిలిక్ పూతలు ఇటువంటి కట్టడాలకు ఉన్నాయి. అయితే కడ్డీలు అప్పటికే తుప్పుపట్టి ఉంటే పై పూత వేసి లాభం లేదు. చెడిన కాంక్రీటును తొలగించి, కడ్డీని శుభ్రపరచి, మరమ్మతు చేసిన తరువాతనే పూత వేయాలి.

డాబా పైకప్పులకు సాగే గుణం గల యాక్రిలిక్, పాలీయురెథేన్ పూతలు వాడతారు. నీరు నిలవకుండా వాలు సరిచేయకుండా పూత మాత్రమే వేస్తే నిలిచిన నీటి కింద అది త్వరగా చెడిపోతుంది. తాగునీటి తొట్టెల లోపల, తాగునీటికి తగినదని ధ్రువీకరించిన పూతనే వాడాలి.

ఉక్కు

ఉక్కు తుప్పుపట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. లవణాలు దానిని వేగవంతం చేస్తాయి. ఆరుబయట ఉండే ముఖ్యమైన ఉక్కు కట్టడాలకు సాధారణంగా మూడు పొరల వ్యవస్థను వాడతారు: జింకు పొడి ఎక్కువగా గల ప్రైమర్, దానిపై మందమైన ఎపాక్సీ, అన్నిటికంటే పైన పాలీయురెథేన్. ఈ క్రమానికి కారణమున్నది. జింకు త్యాగ రక్షణ ఇస్తుంది. ఎపాక్సీ నీటిని బాగా అడ్డుకుంటుంది, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు సుద్దలా పొడిబారుతుంది. ఎండను తట్టుకొనే పాలీయురెథేన్ దానిని కప్పి ఉంచుతుంది. ఇంటి కిటికీల ఊచలు, గేట్ల వంటి వాటికి జింకు ఫాస్ఫేటు ప్రైమర్, దానిపై రెండు పూతల ఎనామెల్ సాధారణంగా సరిపోతాయి.

గాల్వనైజు చేసిన రేకులు, గొట్టాలు

ఇనుమును సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన జింకులో ముంచి గాల్వనైజు చేస్తారు. జింకుపై నేరుగా ఆల్కిడ్ ఎనామెల్ వేస్తే రెండింటి మధ్య జింకు సబ్బులు ఏర్పడి, కొంత కాలానికి పెయింటు పొరలుగా లేచిపోతుంది. ముందుగా ఉపరితలాన్ని గరుకు చేసి, జింకుకు తగిన ప్రైమర్ వేయాలి.

కలప

కలప తేమను పీల్చి ఉబ్బుతుంది, ఆరినపుడు కుంచించుకుపోతుంది. పూత దానితో పాటు సాగాలి. తలుపు కింది అంచు, వాసాల కొనల వంటి, నారకు అడ్డంగా కోసిన చోట్లలో నీరు చాలా వేగంగా లోపలికి పోతుంది. కంటికి కనపడవు కనుక సాధారణంగా పూత పడనివి కూడా ఇవే. పారదర్శకమైన వార్నిష్ గుండా ఎండ లోపలికి పోయి కలపలోని లిగ్నిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది. కనుక ఎండ తగిలే చోట వర్ణకం కలిసిన పూత ఎక్కువ కాలం నిలుస్తుంది.

రాతి కట్టడాలు

చారిత్రక రాతి కట్టడాలకు రంగులు వేయకుండా ఉండటమే సాధారణంగా మంచిది. రాతిపై పొరలు పొరలుగా సున్నం, రంగులు వేయడం వలన అనేక ఆలయాలలో శాసనాలు, శిల్పాల వివరాలు మరుగునపడ్డాయి. ఆ పొరలను తొలగించడానికి పీడనంతో ఇసుకను విసిరితే రాతి పైపొర, దానితో పాటు అక్షరాలు కూడా పోతాయి. ఆ నష్టాన్ని సరిదిద్దటం సాధ్యం కాదు.

వాతావరణాన్ని బట్టి ఎంపిక

ఉక్కు కట్టడాల పూతలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12944. ఇది వాతావరణాన్ని ఆరు తరగతులుగా విభజిస్తుంది. పూత లేని సాధారణ ఉక్కు మొదటి సంవత్సరంలో కోల్పోయే మందం ఈ విభజనకు ఒక కొలమానం.

• సి1 (చాలా తక్కువ): 1.3 మైక్రోమీటర్ల వరకు. వేడిచేసిన పొడి గదుల లోపలి భాగాలు.
• సి2 (తక్కువ): 1.3 నుండి 25 వరకు. కాలుష్యం తక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాలు.
• సి3 (మధ్యస్థం): 25 నుండి 50 వరకు. ఒక మోస్తరు కాలుష్యం గల పట్టణాలు.
• సి4 (ఎక్కువ): 50 నుండి 80 వరకు. పారిశ్రామిక ప్రాంతాలు, లవణత ఒక మోస్తరుగా ఉన్న తీరప్రాంతాలు.
• సి5 (చాలా ఎక్కువ): 80 నుండి 200 వరకు. తేమ, కాలుష్యం తీవ్రంగా ఉన్న పారిశ్రామిక ప్రాంతాలు, లవణత ఎక్కువగా ఉన్న తీరప్రాంతాలు.
• సిఎక్స్ (అత్యధికం): 200 నుండి 700 వరకు. నడిసముద్రపు కట్టడాలు, తీవ్రమైన ఉష్ణమండల పారిశ్రామిక పరిస్థితులు.

సముద్రమూ భారీ పరిశ్రమలూ పక్కపక్కనే ఉన్న విశాఖపట్నం వంటి నగరంలో ఉప్పుగాలి, పారిశ్రామిక వాయువులు రెండింటినీ దృష్టిలో ఉంచుకోవాలి. అనంతపురం వంటి వానలు తక్కువైన లోతట్టు ప్రాంతంలో ఎండ, పగటికీ రాత్రికీ మారే ఉష్ణోగ్రత ముఖ్యమవుతాయి. కనుక ఒకే పూత రెండు చోట్లా ఒకే విధంగా నిలవదు. ఒకే కట్టడంలో కూడా భేదాలుంటాయి. వంతెన పైభాగంపై పేరుకున్న ఉప్పును వాన కడిగివేస్తుంది. వాన తగలని అడుగు భాగంలో ఉప్పు అలాగే నిలిచి, తుప్పు ముందుగా అక్కడే మొదలవుతుంది.

ఇదే ప్రమాణం పూత మన్నికను నాలుగు శ్రేణులుగా చెబుతుంది: తక్కువ (7 సంవత్సరాల వరకు), మధ్యస్థం (7 నుండి 15), ఎక్కువ (15 నుండి 25), చాలా ఎక్కువ (25కు పైబడి). ఇది తయారీదారు ఇచ్చే హామీ కాదు. మొదటి పెద్ద మరమ్మతు ఎప్పుడు అవసరం కావచ్చునో చెప్పే అంచనా మాత్రమే.

భారతదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఐఎస్ 2395 (కాంక్రీటు, గోడలు, గిలాబా), ఐఎస్ 1477 (భవనాలలోని ఇనుము, ఉక్కు), ఐఎస్ 2338 (కలప) ప్రమాణాలు పూత పనులకు మార్గదర్శకాలు.

ఉపరితలాన్ని సిద్ధం చేయడం

పూతలు ముందుగానే విఫలమవడానికి ఉపరితలాన్ని సరిగా సిద్ధం చేయకపోవడం అత్యంత సాధారణ కారణం. ఉక్కుపై నూనె, గ్రీజు, ఉప్పు, తుప్పు, కొలిమి నుండి వచ్చిన నీలిరంగు పొలుసు తొలగించాలి. మిగిలిపోయిన ఉప్పు కంటికి కనపడదు. అది పూత గుండా నీటిని లోనికి లాగి బొబ్బలు పుట్టిస్తుంది. అందుచేత గరుకు చేయడానికి ముందే మంచినీటితో కడగాలి.

శుభ్రత స్థాయిని ఐఎస్ఓ 8501-1 ప్రమాణం నిర్వచిస్తుంది. చేతి పనిముట్లతోనూ, యంత్రపు కుంచెలతోనూ చేసే శుభ్రతకు ఎస్‌టీ 2, ఎస్‌టీ 3 అనీ, పీడనంతో గరుకు రేణువులను విసిరి చేసే శుభ్రతకు ఎస్ఏ 1, ఎస్ఏ 2, ఎస్ఏ 2½, ఎస్ఏ 3 అనీ గుర్తులు. జింకు పొడి ప్రైమర్ ఉక్కును నేరుగా తాకితేనే పనిచేస్తుంది కనుక దానికి సాధారణంగా ఎస్ఏ 2½ స్థాయి కావాలి. తీగ కుంచెతో మాత్రమే గీకిన ఉక్కుపై అత్యుత్తమ జింకు ప్రైమర్ వేసినా ఖర్చు వృథా అవుతుంది.

పదునైన అంచుల వద్ద తడి పూత వెనుకకు జరిగి పలుచబడుతుంది. అందుచేత అంచులను గుండ్రంగా అరగదీసి, అంచులకు, వెల్డింగు అతుకులకు, బోల్టులకు ముందుగా కుంచెతో ఒక అదనపు పూత వేస్తారు.

గోడల విషయంలో పాత పెచ్చులు, బూజు, ఉప్పు పొడి తొలగించి, పగుళ్ళు పూడ్చి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడవాలి. చెమ్మ ఉన్నదేమో తెలుసుకోవడానికి ఒక సులభ పరీక్ష ఉన్నది. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ ముక్కను గోడకు గానీ నేలకు గానీ ఉంచి, నాలుగు అంచులూ టేపుతో మూసి, కనీసం 16 గంటలు వదిలివేయాలి. లోపల నీటి బిందువులు కనిపించినా, అక్కడి కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్లే. అప్పుడు ముందుగా నీరు వచ్చే దారిని మూయాలి.

మందం, పరిమాణం లెక్కించడం

పూత ఆరిన తరువాత మిగిలే మందాన్ని ఆరిన పొర మందం అంటారు. పెయింటు పరిమాణంలో ఆరిన తరువాత నిలిచే భాగం శాతాన్ని ఘన పరిమాణ శాతం అంటారు. ఈ శాతం తయారీదారు ఇచ్చే సమాచార పత్రంలో ఉంటుంది.

ఉదాహరణకు ఘన పరిమాణం 60 శాతం గల పెయింటుతో 100 మైక్రోమీటర్ల ఆరిన పొర కావాలనుకుంటే:

• తడి పొర మందం: 100 ÷ 0.60 = సుమారు 167 మైక్రోమీటర్లు.
• ఒక లీటరు కప్పే వైశాల్యం: (60 × 10) ÷ 100 = 6 చదరపు మీటర్లు.

ఇది సైద్ధాంతిక విలువ. గరుకుతనం, గాలికి పోయేది, డబ్బాలో మిగిలేది కలుపుకొంటే అసలు ఖర్చు ఇంతకంటే ఎక్కువ అవుతుంది. ఈ లెక్క ధరలను పోల్చడానికి కూడా ఉపయోగపడుతుంది. లీటరు ధర తక్కువైనా ఘన పరిమాణం 30 శాతమే ఉన్న పెయింటు అదే మందానికి రెండింతలు పడుతుంది. అలాగే మితిమీరి పలుచన చేసిన పెయింటు పూతల సంఖ్య సరిపోయినట్లు చూపినా మందం ఇవ్వదు.

పూత వేసే సమయం

ఉపరితల ఉష్ణోగ్రత మంచు బిందువు కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉండాలనేది సాధారణ నియమం. గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉన్నపుడు మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే ఉక్కు కనీసం 29 డిగ్రీల వద్ద ఉండాలి. రాత్రి చల్లబడిన ఉక్కు ఉదయాన గాలి కంటే చల్లగా ఉండటం వలన, తీరప్రాంతాలలో తెల్లవారుజామున దానిపై కంటికి ఆనని తడి ఏర్పడుతుంది. అదే విధంగా మిట్టమధ్యాహ్నం కాలుతున్న రేకులపై వేసిన పెయింటు పైన త్వరగా ఆరి, లోపల ద్రావకం చిక్కుకొని బుడగలు వస్తాయి. రెండు పూతల మధ్య సమాచార పత్రంలో చెప్పిన కనిష్ఠ, గరిష్ఠ వ్యవధులు రెండూ పాటించాలి. గరిష్ఠ వ్యవధి దాటిన ఎపాక్సీ బాగా గట్టిపడి తరువాతి పూతను పట్టుకోదు.

సాధారణ లోపాలు, కారణాలు

• బొబ్బలు: పూత కింద తేమ, లవణాలు లేదా చిక్కుకున్న ద్రావకం.
• పొరలుగా లేవడం: దుమ్ము, నూనె, పొంతన లేని పాత పూత, గరిష్ఠ వ్యవధి దాటడం.
• సుద్దలా పొడి రాలడం: ఎండకు బంధకం చెడిపోవడం.
• జిగటగా మారడం: క్షారం వలన నూనె పెయింటు సబ్బుగా మారడం.
• గోడపై తెల్లని ఉప్పు పొడి: గోడలోని నీరు లవణాలను బయటకు తేవడం.
• నల్లని మచ్చలు: తేమ, గాలి ఆడకపోవడం వలన బూజు. దానిని చంపకుండా పైన పూత వేస్తే మళ్ళీ వస్తుంది.

ప్రసిద్ధ కట్టడాల అనుభవాలు

ఫోర్త్ రైలు వంతెన: స్కాట్లండ్‌లో 1890లో ప్రారంభమైన ఈ వంతెనకు రంగు వేయడం ఎన్నటికీ పూర్తికాని పని అని ఆంగ్లంలో నానుడి ఏర్పడినది. 2002 నుండి 2011 వరకు జరిగిన పనిలో పాత పూతలను తొలగించి, గాజు రేకులు కలిసిన ఎపాక్సీతో కూడిన మూడు పూతల వ్యవస్థను వేశారు. సముద్రపు చమురు కట్టడాలకు వాడే ఈ పూత కనీసం 25 సంవత్సరాలు నిలుస్తుందని అంచనా.

ఈఫిల్ టవర్: పారిస్‌లో 1889లో పూర్తయిన ఈ ఇనుప కట్టడానికి సగటున ఏడేళ్ళకు ఒకసారి రంగు వేస్తూ వచ్చారు. ఒక్కొక్క విడతకు సుమారు 60 టన్నుల పెయింటు పడుతుంది.

గోల్డెన్ గేట్ వంతెన: శాన్‌ఫ్రాన్సిస్కోలో 1937లో ప్రారంభమైన ఈ వంతెనకు మొదట సీసపు ప్రైమర్ వాడారు. 1965లో మొదలైన కార్యక్రమంలో దానిని తొలగించి జింకు సిలికేట్ ప్రైమర్ వేశారు. ఈ పని 1995లో పూర్తయినది.

ఫ్లోరిడా కీస్ వంతెనలు: అమెరికాలోని ఈ సముద్రపు వంతెనల కాంక్రీటులో ఎపాక్సీ పూసిన కడ్డీలు వాడారు. కట్టిన పదేళ్ళలోపే, 1986లో, ఆ కడ్డీలు తుప్పుపట్టినట్లు గుర్తించారు. పూతకు తగిలిన చిన్న గాయాల వద్ద, పట్టు సడలిన చోట్ల ఉప్పునీరు చేరడం ఇందుకు కారణం. పూత ఎంపిక సరైనదైనా, రవాణాలోనూ కట్టుబడిలోనూ అది దెబ్బతినకుండా చూడటం కూడా అంతే అవసరమని ఈ ఉదంతం చూపినది.

పంబన్ వంతెన: రామేశ్వరం ద్వీపాన్ని ప్రధాన భూభాగంతో కలుపుతూ 1914లో ప్రారంభమైన రైలు వంతెన తీవ్రమైన ఉప్పుగాలిలో ఉన్నది. దాని పక్కన కట్టి 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెన ఉక్కుకు పాలీసిలాక్సేన్ పూతను వాడారు.

హౌరా వంతెన: కోల్‌కతాలోని ఈ వంతెన స్తంభాల అడుగున ఉన్న ఉక్కు తొడుగులు పాన్, గుట్కా ఉమ్మి వలన తినివేయబడినట్లు గుర్తించి, 2010లలో వాటికి ఫైబర్‌గ్లాస్ కవచాలు అమర్చారు. వాతావరణ తరగతి చెప్పలేని స్థానిక కారణాలను కూడా పరిశీలించాలని దీనివలన తెలుస్తుంది.

నిప్పు, వేడి నుండి రక్షణ

ఉక్కు మండదు, కానీ సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది. ఉబ్బే గుణం గల అగ్నినిరోధక పూతలు వేడికి అనేక రెట్లు పొంగి, బొగ్గు వంటి నురుగు పొరగా మారి, ఉక్కు వేడెక్కడాన్ని ఆలస్యం చేస్తాయి. అవి మంటను ఆర్పవు. లోపలి వారు బయటపడటానికి సమయమిస్తాయి.

ఎండను తిప్పికొట్టే తెల్లని పూతలు పైకప్పుల వేడిని తగ్గిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది. ఇటువంటి పూతపై దుమ్ము పేరుకుంటే ఫలితం తగ్గుతుంది కనుక అప్పుడప్పుడు కడగాలి.

ఆరోగ్యం, పర్యావరణం

సీసం మెదడుకు, నాడీ వ్యవస్థకు హాని చేస్తుంది. చిన్నపిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. పిల్లల రక్తంలో సీసం ఇంత వరకు ఉంటే ప్రమాదం లేదని చెప్పగల స్థాయి ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. అమెరికాలో 1978లో గృహాలలో సీసపు పెయింట్లను నిషేధించారు. భారతదేశంలో 2016లో చేసిన నియమాల ప్రకారం గృహ, అలంకరణ పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదు. ఇవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉన్నది. అటువంటి పాత కిటికీలు, తలుపులను పొడిగా గీకినా, మంటతో కాల్చినా సీసపు ధూళి, ఆవిరి వెలువడతాయి. తడిపి రుద్దడం, నేలపై పట్టా పరచి చెత్తను మూటకట్టడం, తగిన ముసుగు ధరించడం, పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచడం అవసరం.

కర్బన ద్రావకాల ఆవిరులు తలనొప్పి, మైకం కలిగిస్తాయి. నీటి తొట్టెల వంటి మూసిన చోట్లలో అవి ప్రాణాంతకం కావచ్చు, నిప్పు కూడా అంటుకోవచ్చు. అక్కడ గాలి ప్రసరణ ఏర్పాటు లేకుండా, బయట ఒక మనిషి కాపలా లేకుండా పని చేయరాదు. పాలీయురెథేన్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసానికి దారితీస్తాయి. పొడి ఇసుకను పీడనంతో విసిరే పద్ధతిలో వచ్చే సన్నని ధూళి సిలికోసిస్ అనే నయం కాని ఊపిరితిత్తుల వ్యాధికి కారణమవుతుంది.

నిర్వహణ

ఏ పూతా శాశ్వతం కాదు. అందుచేత ఎంపికలోనే నిర్వహణను లెక్కలోకి తీసుకోవాలి. ఏటా తెల్లవేయగలిగిన ఇంటికి చవకైన సున్నం సరిపోతుంది. నది మధ్యలో ఉండి, మళ్ళీ చేరడానికి పరంజా ఖర్చే ఎక్కువయ్యే వంతెనకు ఖరీదైన దీర్ఘకాలిక పూత చివరకు చవక అవుతుంది. వర్షాకాలానికి ముందు, తరువాత పరిశీలించి, చిన్న మచ్చగా ఉన్నపుడే సరిచేస్తే మొత్తం పూత మార్చవలసిన అవసరం చాలా కాలం వాయిదా పడుతుంది. ఏ పూత, ఏ మందంతో, ఎప్పుడు వేశారో నమోదు చేసి ఉంచితే తరువాత వేసేవారు దానితో పొంతన గల పూతను ఎంచుకోగలుగుతారు.

ఇవి కూడా చూడండి

• తుప్పు
• సున్నం
• కాంక్రీటు
• గాల్వనైజింగు
• సీసపు విషప్రభావం